మూడో గుండీ

గురువారం సాయంత్రం
జహ్రాలో ఈ ఇంటి వెనక గదిలో
ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంటే
ఉమ్ మిషారీ బీరువా తాళం తీస్తుంది.

ఒక చొక్కా, ఒక ప్యాంటు.
ఇసక రంగు ఎప్పుడో వెలిసి
టీ మరక రంగుకొచ్చింది.
ఎవరూ తొడగని జతకి
ముప్పై ఏళ్ళు దాటిన ఇస్త్రీ.
గీత పడ్డచోటే గీత పడీ పడీ నూలు చిట్లింది.
అక్కడ పెట్టెని ఆనీ ఆనకుండా పోనిస్తాను,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

కొత్తలో తెలీక
మూడో గుండీ లేదని సూది తీశాను.
చేతి మీద ఒక్కటిచ్చింది.
అప్పటికి నాకొచ్చిన అరబ్బీ
నీళ్ళు, ఉప్పు, రా, పో.
వంటింటి సోమావతి తర్వాత చెప్పింది.
ఆ ఆగస్టు తెల్లారుజామున
పిలుపొచ్చి, వేరే జత తొడుక్కుని పరిగెత్తుతూ
"గుండీ ఊడిందమ్మా, వచ్చాక కుట్టు"
అని పోయాడంట.

వచ్చాక కదా కుట్టాలి.

నావాడిదీ అదే ఉద్యోగం.
వాడికి ఏడో ఏడు రాగానే నేను విమానం ఎక్కాను,
ఇరవయ్యో ఏట వాడు రైలెక్కాడు.
ఒకర్నొకరం సాగనంపుకోలేదు.
ఎక్కడున్నావురా యేసురత్నం అంటే
"చలి" అంటాడు. అదే వాడి అడ్రసు.
నేను "ఎండ" అంటాను.

మెసేజికి ఒక్క టిక్కు పడి ఆగిపోయిన రోజున
ఈ ఇంట్లో గ్లాసులు పగులుతాయి.
ఉమ్ మిషారీ అరవదు.
చీపురు తనే తెచ్చి
"సిపాయా?" అంటుంది.
తలూపుతాను.
జీతం రోజున లెక్కలో లేని ఐదు దీనార్లు
మడిచి నా గుప్పిట్లో పెడుతుంది:
"మేజోళ్ళు కొనుక్కోమను."

పోయిన పంద్రాగస్టుకి
మా పంచాయితీలో జవాన్ల తల్లులకి శాలువాలు కప్పారు.
దీనమ్మ, దీనమ్మ అని మైకులో మూడుసార్లు పిలిస్తే
మా చెల్లి లేచి కప్పించుకుని ఫోటో పంపింది.
ఉమ్ మిషారీ వేళ్ళతో పెద్దది చేసి చూసి
"ఈ గుడ్డ చలికి ఆగుద్దా?" అంది.
నవ్వొచ్చింది. ఆగదు.

ఫిబ్రవరి చివర వీధి నిండా జెండాలు,
కార్ల కిటికీల్లోంచి నురగ చిమ్ముకునే పిల్లలు.
తలుపులన్నీ మూయిస్తుంది.
కాసేపటికి తనే ఒక రెక్క తీస్తుంది.
"ఆడుకోనీ. అందుకే కదా..."
ఆ మాట ఎన్నేళ్ళైనా పూర్తి చెయ్యలేదు.

ఈ ఏడు దుమ్ము ఎక్కువ.
ఓ మధ్యాన్నం ఇద్దరు ఆఫీసర్లొచ్చారు.
బూట్లు గుమ్మం బయటే విప్పారు.
ఖర్జూరం పెట్టి కహ్వా పోశాను.
చాలనుకుంటే కప్పు ఊపాలి ఇక్కడ.
చిన్నాయన ఊపడం మర్చిపోయాడు,
నేను పోస్తూనే ఉన్నాను.
వాళ్ళ మాటల్లో నాకు తెలిసినవి రెండే.
ఇసక. ఎముక.

ఆ గురువారం
ఇస్త్రీపెట్టె పెట్టాలో వద్దో తెలీక
గోడకి ఆనుకుని నిలబడ్డాను.
ఆవిడే వచ్చింది.
అరచేతిలో గుండీ.
ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిందో!
సూది బెజ్జం కానక దారం నాకిచ్చింది.
ఎక్కించి ఇచ్చాను.
కుట్టింది తనే, వంకరగా,
కుట్టిందే మళ్ళీ కుట్టింది.
దారం పళ్ళతో తెంపబోయి
పళ్ళు లేవని గుర్తొచ్చి నా వైపు చూసింది.
నేను కొరికాను.
సాంబ్రాణి పొగ పట్టి, మడత పెట్టే వేళకి
ఫోను మోగింది.

"ఏం చేత్తున్నావే అమ్మా?"
"ఇస్త్రీ."
"ఎవరియ్యి?"

చెప్పడానికి నోరు రాక ఫోను అటు తిప్పాను.
ఉమ్ మిషారీ అద్దం దాకా వంగి
వాడి టోపీ చూసింది, చెవులు చూసింది,
తెరిచున్న కాలరు చూసి
అరబ్బీలో గట్టిగా కసిరింది.

వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు.
చెయ్యి మాత్రం
గొంతు దగ్గర గుండీకి పోయింది.